చెవికెక్కిన బొమ్మ

కాపురానికి వచ్చి నెల తిరగకుండానే కొత్త కోడలు ఇంట్లో ఒక పరిశ్రమ స్థాపించింది. మందపాటి కాగితం మీద నీటి రంగులు అద్దడం, ఆరాక ఆకుల్లా చినుకుల్లా కత్తిరించడం, రెండు మూడు పొరలు అతికించి వార్నిష్ పూయడం, చిన్న కొక్కెం తగిలించి చెవులకు పెట్టుకోవడం. చదివిన డిగ్రీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా వార్నిష్ ఆరి మెరుపు తేలగానే ఆమెకు ఇల్లంతా మెరిసినట్టుండేది. ఆ ఉదయం కూడా ఆమె పథకం చిన్నదే. భర్త ఆఫీసుకు వెళ్ళగానే కిటికీ పక్కన కూర్చుని ఒక జత లోలాకులు పూర్తి చేయాలి. కాకపోతే కాగితం అయిపోయింది.

సరిగ్గా అప్పుడే భర్త పళ్ళు తోముకుంటూ బాత్‌రూమ్ గుమ్మంలోకి వచ్చాడు. నోటి నిండా నురగ. బల్ల మీదున్న కాగితపు చుట్టను బ్రష్‌తోనే చూపించాడు.

"అది కత్తించు. సాయంత్రానికల్లా."

"కత్తిరించాలా?"

"ఊఁ," అని తలూపి, ఉమ్మడానికి లోపలికి పరుగెత్తాడు.

అతనన్నది 'కట్టించు' అని. పటం కట్టించమని. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. చేయాల్సింది మేనేజరు. ఆయనకేమో ఆదివారాలు బొమ్మలు వేసే జబ్బుంది. ఈమధ్యే భార్యను నీటి రంగుల్లో దించి, 'నా అర్ధాంగి' అని పేరు పెట్టాడు. ఆవిడ దాన్ని ఇంటి గడప తొక్కనివ్వలేదు. అందుకని అది ఆఫీసు మీటింగ్ గది నెత్తిన పడింది. పేరు తెలియకముందు గుమస్తా దాన్ని సూర్యాస్తమయమన్నాడు, అకౌంటెంట్ వరద అన్నాడు. తెలిశాక ఇద్దరూ పోలికలు అచ్చు దిగాయన్నారు. పటం నేను కట్టిస్తానంటూ ఈ కొత్తవాడు ముందుకు దూకి వాళ్ళిద్దరినీ మించిపోయాడు.

అతను వెళ్ళగానే ఆమె చుట్ట విప్పింది.

"చూశారా అత్తయ్యా, నా కోసం రంగులు వేసిన కాగితమే తెచ్చారు," అని మురిసిపోయింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "వాడు బూట్లు తుడుచుకున్నాడేమో అనుకున్నానే అమ్మాయ్. ఈ మూల మాత్రం బాగుంది. బాగున్నంత మేరకు కత్తిరించు."

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు.

"అయిందా?"

"అయిందండీ. ఇంత బాగా వస్తుందనుకోలేదు."

"కొక్కెం గట్టిగా ఉందా?"

"రెండింటికీ గట్టిగానే పెట్టాను."

"రెండెందుకు?"

"ఒక్కటే అయితే ఎలా తిరగడం?"

ఒక్క కొక్కెమైతే పటం తిరిగిపోతుందని కాబోలనుకుని, ఆమె తెలివికి పొంగిపోయాడు. "మరి అద్దం?"

"ఇందాకట్నుంచి అద్దం ముందే ఉన్నాను."

"మా ఆవిడ దగ్గరుండి చేయించింది సార్. రెండు కొక్కేలు," అని అతను మేనేజరు చెవిన వేశాడు. మేనేజరు ఆ ఆనందం పట్టలేక ఇంటికి ఫోన్ చేశాడు. ఆ కబురు విని ఇంట్లో ఉండలేక మేనేజరు భార్య నేరుగా వీళ్ళ గుమ్మం ముందు కారు దిగింది.

"ఆ బొమ్మ నీ దగ్గరే ఉందటగా అమ్మాయ్. గోడకెక్కకముందే ఓసారి చూసి ఏడుద్దామని వచ్చాను."

"బొమ్మలేం లేవండీ. లోలాకులున్నాయి," అని తెచ్చి చూపించింది కొత్త కోడలు.

ఆవిడ వాటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "ఎంత బాగున్నాయి. దేంతో చేశావు?"

"మావారు తెచ్చిన కాగితంతో. ఇదిగో, పనికిరాని ముక్క."

ఆ ముక్క మీద ఒక కన్నూ, దాని కింద మేనేజరు సంతకమూ ఉన్నాయి. ఆవిడ చాలాసేపు ఆ కన్నుకేసి చూసింది.

"మిగతా ముఖం ఏమైంది?"

"ముఖమేమిటండీ?"

"మిగిలింది చెత్తబుట్టలో వేశానమ్మా. చూస్తే దడుపు పుట్టింది," అంది అత్తగారు.

ఆవిడ లోలాకులు పెట్టుకుంది. ముక్కను చేతిసంచిలో వేసుకుంది. "సాయంత్రం ఆఫీసుకు నువ్వూ రా. తప్పకుండా రా," అని వెళ్ళిపోయింది.

తన పనితనానికి పిలుపొచ్చిందని కొత్త కోడలు ముస్తాబై వెళ్ళింది. భర్త మెట్ల దగ్గరే ఎదురయ్యాడు.

"పటమేది?"

"ఏ పటం?"

"పొద్దున కట్టించమన్నాను కదా."

"కత్తిరించమన్నారు. కత్తిరించాను."

ఈసారి నోట్లో నురగ లేకపోయినా అతను లోపలికి పరుగెత్తాడు.

లోపల ఖాళీ గోడకు మేకు కొట్టి ఉంది. దాని ముందు గుమస్తా, అకౌంటెంట్ పొగడ్తలు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఏదోయ్ నా అర్ధాంగి?"

"వచ్చాను," అంటూ మేనేజరు భార్య తలుపు తోసుకుని వచ్చింది. చెవుల్లో లోలాకులు ఊగుతున్నాయి.

"ఎక్కడ కొన్నారు మేడమ్, మా ఇంట్లోనూ అడుగుతారు," అన్నాడు అకౌంటెంట్. ఆ ఆఫీసులో ఎవరూ అడగకుండా పుట్టిన మొదటి మెప్పు అదే.

మేనేజరు కూడా దగ్గరికి వచ్చి చూశాడు. "ఎక్కడో చూసినట్టుందే. రంగులు వేసినవాడెవరో గానీ చేయి తిరిగినవాడు."

ఆవిడ సంచిలోంచి ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. కన్ను, సంతకం. భర్త మనసులోనే ఉద్యోగానికి నీళ్ళొదిలేశాడు.

"తప్పు ఆయనది కాదండీ," అంది కొత్త కోడలు సన్నగా. "నురగది."

నురగ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరు భార్య మాత్రం భర్త వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళలో మీరు వేసింది నేను ఒంటి మీద పెట్టుకోవడం ఇదే మొదలు. ఈ అబ్బాయిని పర్మనెంట్ చేస్తారా, వీటిని తీసేయమంటారా?"

మేనేజరు ముక్కను చూశాడు, మేకును చూశాడు, భార్య చెవుల్ని ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"కళ గోడకు అతుక్కుని కూర్చోకూడదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను," అన్నాడు.

"మొదట్నుంచీ సార్," అన్నాడు గుమస్తా.

ఉద్యోగం పర్మనెంటైంది. దాంతోపాటు మేనేజరు అన్ని ఆదివారాల బొమ్మలూ కట్టగట్టి పంపించాడు. మర్నాడు ఉదయం భర్త బ్రష్ పక్కన పెట్టి, నోరు పుక్కిలించి, తుడుచుకుని, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు: "కత్తిరించు."