గీత మీద పడవ

ఆ రోజు పడవ నడిపే సరంగు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పడవ తీయాలి, గీతకి ఇవతలే వల వేయాలి, చీకటి పడకముందే బావమరిదిని క్షేమంగా వాళ్లక్కకి అప్పజెప్పాలి. సముద్రమంటేనే వణికే తమ్ముణ్ణి పనికి పంపుతూ ఆవిడ మొగుడికి మరీ మరీ చెప్పింది. గీత అంటే నీళ్ల మీద కనిపించేది కాదు. దానికి ఇవతల చేపల వ్యవహారం రాష్ట్రానిది, అవతల కేంద్రానిది. సరంగు చేతిలో ఉన్నది ఇవతలి లైసెన్సు మాత్రమే.

చేపలు దండిగా పడ్డాయి. రెండోసారి వల లాగుతుంటే దాని అంచు పడవ అడుగున పంకాకి చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. పడవ మెల్లగా గీత దాటసాగింది. గాలి కూడా పెరిగింది.

"వైర్‌లెస్‌లో ఎవర్నైనా పిలుద్దాం బావా."

"నోర్మూసుకుని కూర్చో. మనం ఇక్కడున్నట్టు తెలిస్తే లైసెన్సు గోవిందా."

అంతలో ఓ అల లోపలికి వచ్చి ఇద్దర్నీ నిలువునా తడిపేసింది. సరంగుకి లైసెన్సు భయం పోయి ప్రాణభయం పట్టుకుంది. తనే వణుకుతూ అందర్నీ పిలిచాడు.

ముందు రాష్ట్రం వాళ్ల గస్తీ పడవ వచ్చి గీత దగ్గర ఆగింది. "మీరు అవతల ఉన్నారు. అక్కడికి మేం రాకూడదు." తర్వాత కేంద్రం వాళ్లు వచ్చి లైసెన్సు చూశారు. "ఇది వాళ్లిచ్చింది కదా, మీ మంచిచెడ్డలు వాళ్లే చూడాలి. మేం తాడు వేస్తే కేసు మా మెడకి చుట్టుకుంటుంది." ఈలోగా అలలు పడవని సరిగ్గా గీత మీదికి నెట్టాయి. దాంతో రామని చెప్పడానికి ఇద్దరికీ సమానమైన కారణం దొరికింది.

"కేసు రాయండి సార్. చెరొకటి రాసుకోండి. ముందు మమ్మల్ని పట్టుకోండి" అని సరంగు చేతులు జోడించాడు.

"పైవాళ్లని అడిగి చెప్తాం."

బావమరిదికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా వైర్‌లెస్ అందుకున్నాడు. "సార్, మేం ఎవరి కిందకీ రామంటున్నారు. అంటే ఈ చేపలూ ఎవరివీ కావు. బరువు తగ్గుతుంది, పారబోసేస్తున్నాం."

"ఆగండి, అది మేం జప్తు చేయాల్సిన సరుకు" అని రెండు వైపులనించీ ఒకేసారి వినిపించింది. మరుక్షణం ముందువైపుకి ఒక తాడు, వెనకవైపుకి ఒక తాడు వచ్చి పడ్డాయి. ఇద్దరూ చెరోవైపు లాగడం మొదలెట్టారు. చెక్కలు కిర్రుమంటుంటే బావమరిది బావ నడుం పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంటికెళ్లి పెళ్లానికి ఏం చెప్పాలో తెలియక సరంగుకి ఏడుపొచ్చింది. కానీ అటూ ఇటూ బిగుసుకున్న పడవ ఏ అలకీ బోల్తా పడలేదు.

గాలి తగ్గాక రెండు శాఖలవాళ్లూ సరంగు పడవలోకి దిగి, చేపల్ని సగం సగం పంచుకుని, ఎవరి తాడు వాళ్లు విప్పుకున్నారు.

"మరి మేమో సార్?" అన్నాడు బావమరిది.

"మీ బాధ్యత వాళ్లది" అన్నారు రెండు వైపులవాళ్లూ, ఒక్క గొంతుతో.