అవే కుర్చీలు, రెండు బుకింగులు

ఆదివారం పొద్దున్న ఆరు గంటలకే గురునాథరావు టీ గ్లాసు పక్కన పెట్టుకుని, తెల్లకాగితం మీద మూడు గీతలు గీసి, ఆ రోజు సభ ఎలా జరగాలో బావమరిదికి వివరించాడు. గాజువాకలో ఆయనకి పాతికేళ్లుగా టెంట్ హౌస్ ఉంది. భార్య తమ్ముడు ఉదయ్‌కుమార్‌కి రాజకీయ సలహాదారుగా మాత్రం పదేళ్ల అనుభవమే. ఆ పదేళ్లలో ఉదయ్‌కుమార్‌కి కార్పొరేటర్ టికెట్ రెండుసార్లు తప్పిపోయింది. రెండుసార్లూ సలహా గురునాథరావుదే.

ఇది మూడోసారి. ఈసారీ రాకపోతే వచ్చి తన ఇటుకల బట్టీ చూసుకోమని సబ్బవరంలో మామగారు తేల్చి చెప్పేశాడు. ఉదయ్‌కుమార్‌కి ఇటుకల ధూళి పడదు, మామగారు అంతకన్నా పడడు. పార్టీ జిల్లా పెద్ద కృష్ణంరాజు పది గంటలకి కాలనీ మైదానానికి వచ్చి, జనాన్ని చూసి, సాయంత్రానికల్లా పేరు చెబుతానన్నారు.

“రెండొందల కుర్చీలే ఏయిస్తన్నాను. మూడొందల మంది వత్తారు. వందమంది నిలబడిపోతారు. జనం పట్టలేదనిపించాలి బావా, అదీ కిటుకు,” అన్నాడు గురునాథరావు.

“కుర్చీలు సాలకపోతే తిట్టుకోరా బావా?”

“నువ్వు మాటాడు. కుర్చీల సంగతి నాకొగ్గీ.”

ఆయన చెప్పని విషయం ఒకటుంది. ఆ రెండు వందల కుర్చీలే మధ్యాహ్నం కూర్మన్నపాలెంలో ఒక గృహప్రవేశం భోజనాలకి వెళ్లాలి. ఖాళీ కుర్చీని చూస్తే గురునాథరావు ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకే మేస్త్రీ మోహన్‌కి కొట్టు పెట్టిన నాటి నుంచీ ఒకటే ఆజ్ఞ: మనిషి లేచాడా, కుర్చీ బండెక్కాలి. ఆ రోజు పొద్దున్న కూడా మరోసారి గుర్తు చేసి పంపాడు.

కృష్ణంరాజు పదిన్నరకి వచ్చారు. బ్యాండు మోగింది, జనం లేచి నిలబడ్డారు. క్రేను మీంచి యాపిల్ పళ్ల దండ దిగుతోంటే అందరూ ఫోన్లు పైకెత్తుకుని స్టేజీ దగ్గరికి తోసుకెళ్లారు. దండలూ ఫొటోలూ ఇరవై నిమిషాలు పట్టాయి. వెనక నిలబడ్డ మోహన్‌కి రెండు వందల ఖాళీ కుర్చీలు కనిపించాయి. సభ అయిపోయిందనుకున్నాడు. చెయ్యి తిరిగిన నలుగురు పనివాళ్లు పదేసి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి గుచ్చి, చప్పుడు లేకుండా బండెక్కించేశారు.

సంగతి మొదట తెలిసింది స్టీల్‌ప్లాంటులో రిటైరైన అప్పలసూరికి. ఆయన వెనక్కి చూడకుండా కూర్చున్నాడు.

“ఓరి నాయనో! నా కుర్సీ ఏదిరా?” అని మట్టిలోంచి అరిచాడు.

గురునాథరావు స్టేజీ వెనక్కి పరిగెత్తి ఫోన్ చేశాడు.

“మోహనూ, కుర్చీలేవిరా?”

“కూర్మన్నపాలెంలో దింపుతన్నాం అన్నా. ఈసారి ఒక్క నిమిషం లేటవనేదు,” అన్నాడు మోహన్ గర్వంగా.

తిట్టడానికి టైము లేదు. గురునాథరావులోని సలహాదారు మేల్కొన్నాడు. బావమరిది చెవిలో ఏదో ఊదాడు. ఉదయ్‌కుమార్ మైకు అందుకున్నాడు.

“పెద్దాయన ముందర మా జనం కూకోరండీ! కుర్చీలు ఆళ్లే వద్దన్నారు!”

ఎండలో నిలబడ్డ జనం మొహమొహాలు చూసుకున్నారు. కృష్ణంరాజు మాత్రం మురిసిపోయారు. అది చూసి గురునాథరావు మందు మోతాదు పెంచాడు. స్టేజీ మీది సోఫాలు కూడా కిందికి దింపించేశాడు.

“జనం నిలబడితే మేవూఁ నిలబడతాం!” అని ఉదయ్‌కుమార్ గర్జించాడు.

కృష్ణంరాజుకి కిందటి నెలే మోకాలి ఆపరేషన్ అయింది. సలహాదారుకి ఇది తెలిసి ఉండాల్సింది. గురునాథరావు ఆయనకి ఏ స్వీటు ఇష్టమో మాత్రమే కనుక్కున్నాడు. పెద్దాయన ఉదయ్‌కుమార్ భుజం పట్టుకు వేలాడారు. ఉదయ్‌కుమార్ అది ఆప్యాయత అనుకున్నాడు. ఆయన మొహం ముడుచుకుపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కింది నుంచి గురునాథరావు చీటీ పంపాడు. “ఏడుస్తున్నాడు. ఆపకు.”

పది నిమిషాల్లో ముగించాల్సిన ఉపన్యాసాన్ని ఉదయ్‌కుమార్ తన చిన్నతనం నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. అతను ఐదో తరగతికి వచ్చేసరికి, మైదానం ఎదురింటి అరుగు మీంచి ఇదంతా చూస్తున్న గౌరీశ్వరి ఓపిక అయిపోయింది. ఆమె ఉదయ్‌కుమార్‌కి అక్క, గురునాథరావుకి భార్య. వంటింట్లో కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని రోడ్డు దాటి నేరుగా స్టేజీ ఎక్కింది.

“ఒరే, ఆపరా! ముసిలోళ్లని ఎండలో నిలబెట్టి ఏటా సోది?” అని తమ్ముణ్ని పక్కకి నెట్టి, కృష్ణంరాజు వెనక కుర్చీ వేసింది. “కూకోండి బాబూ. మీ మోకాలు ఒనకడం మా అరుగు మీంచే కనిపిస్తంది.”

తర్వాత మైకు వైపు తిరిగింది. “దగ్గిరోళ్లు ఇళ్లకెళ్లి కుర్చీలు, బల్లలు, మంచాలు, ఏవుంటే అవి అట్టుకురండి. మజ్జిగ నాను కలుపుతాను.”

ఆ రోజు సభలో మొదటిసారి చప్పట్లు మోగాయి. పావుగంటలో మైదానం నిండిపోయింది. అప్పలసూరికి నవారు మంచం దొరికింది. మిగతా సభ ఆయన పడుకునే విన్నాడు.

“ఈవిడ ఎవరు?” అడిగారు కృష్ణంరాజు, రెండో గ్లాసు మజ్జిగ తాగుతూ.

“మా అక్కండి! కాలనీలో ఏ కష్టం వొచ్చినా ముందు ఈవిడే ఎల్తాది,” అన్నాడు ఉదయ్‌కుమార్. ఆ రోజు జరిగిన పొరపాట్లలో బావ సలహా లేకుండా అతను సొంతంగా చేసింది అదొక్కటే.

సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది. టికెట్ గౌరీశ్వరికి.

“నాకేటి సెప్పినావు, ఏటయింది బావా?” అన్నాడు ఉదయ్‌కుమార్. సబ్బవరం బస్సు ఎక్కబోయే మనిషి గొంతు అది. వింటే ఎవరికైనా జాలేస్తుంది.

“టికెట్ గడప దాటనేదు కదా బావా,” అన్నాడు గురునాథరావు. ఆయన అప్పటికే కొత్త తెల్లకాగితం తీసి మూడు గీతలు గీసేశాడు. “గౌరీ, రేపు నీ మొదటి మీటింగు. రెండొందల కుర్చీలే ఏద్దాం...”

“మీరు ఇంట్లో ఉండండి. కుర్చీల సంగతి నాకొగ్గీండి,” అంది గౌరీశ్వరి.

మర్నాడు కుర్చీలు ఆనందపురం నుంచి, వేరే టెంట్ హౌస్ బండిలో వచ్చాయి.