అందినట్టే అందని ప్యాకెట్లు

కంప్యూటర్లో తప్పులు దిద్దేవాళ్లంత ప్రమాదకరమైన మనుషులు ఈ జిల్లాలో ఇంకెవరూ లేరని నా గట్టి అభిప్రాయం. కల్తీ విత్తనాలు అమ్మేవాడు నయం. వాడివల్ల ఒక పంటే పోతుంది. వీళ్లు ఏకంగా ఆఫీసుల ప్రశాంతతకే ఎసరు పెడతారు!

నమ్మరా? అయితే సత్తెనపల్లి పక్కన మా ఊరి రైతు సమాచార కేంద్రం సంగతి వినండి.

అది 2003. ఊరూరా కంప్యూటర్ పెట్టి రైతును ఉద్ధరించాలని పెద్దలు కంకణం కట్టుకున్న రోజులు. మా ఊళ్లోనూ ఒక కంప్యూటరు, ఒక కెమెరా, ఒక రిబ్బను దిగాయి. అనుకున్న పని అనుకున్నట్టు చేసింది రిబ్బనొక్కటే.

అంతకుముందు మావాళ్ల పద్ధతేమిటి? చేలో తెగులు కనబడితే ఓ ఆకు తుంపి, చొక్కా జేబులో పెట్టుకుని, బస్సెక్కి పురుగుమందుల షాపువాడికి చూపించడం. ఎంత మోటు! ఇకమీదట ఆకులు మోసుకుంటూ తిరగొద్దు, ఫొటో పంపితే హైదరాబాద్ పెద్దాఫీసులో శాస్త్రవేత్తలు చూసి మందు చెబుతారు అని ప్రారంభోత్సవంలో మైకులో చాటారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు యలమంద. పొలం కౌలుకు తీసుకుని మిరప వేసినవాడు. ఏడాది పొడుగునా ఇల్లు గడవాలంటే ఆ పంటే ఆధారం.

ఆ చేలోనే ఎన్నడూ చూడని మచ్చలొచ్చాయి. కేంద్రం నడిపేది మా ఊరి పీరుగారి అమ్మాయి నాజియా, ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఫొటో తీసి పంపింది. తెరమీద ‘అందింది’ అని వచ్చింది. యలమంద ఆనందంగా ఇంటికెళ్లాడు. జవాబు రాలేదు. మళ్లీ పంపారు. మళ్లీ ‘అందింది’. అందిందని అంత మర్యాదగా చెబుతుంటే అనుమానించడం సంస్కారమేనా? మచ్చలకు మాత్రం ఆ సంస్కారం లేదు. జవాబు కోసం ఆగకుండా పక్కసాళ్లకు పాకాయి.

నాజియాకు ఒళ్లు మండింది. మా కేంద్రంలోనూ పెద్దాఫీసులోనూ కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే, లోపలి రాతను ఎవరైనా విప్పి చూసుకోగలిగే రకం. విప్పింది. దొంగ దొరికాడు.

కంప్యూటర్ పంపే పెద్ద సమాచారం ఏదీ ఒకే ముద్దగా వెళ్లదండీ. ముక్కలు చేసి పంపుతారు. ఆ ముక్కల్ని ప్యాకెట్లంటారు. దారిలో ఒకటి ముందు, ఒకటి వెనక అవడం మామూలే. అవతలి సిస్టమ్ వాటిని వరసలో పేర్చి అతకాలి. పెద్దాఫీసులో ఉన్న మన సిస్టమ్ ఏం చేస్తోందయ్యా అంటే, ప్రతి ముక్కకూ ‘అందింది’ అని చెబుతోంది. ఆ తర్వాత ఒక్క ముక్క వరస తప్పినా మొత్తం తీసి చెత్తబుట్టలో పోస్తోంది!

దీన్ని బగ్గు అంటారా? నేను వరం అంటాను. ఆలోచించండి. ఒక్క ప్యాకెట్లో పట్టేవి ఏమిటి? ‘నమస్కారం’, ‘మీ సేవలు అమోఘం’, ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’. అవన్నీ క్షేమంగా చేరుతున్నాయి. చేరనివల్లా కష్టాలే. మనిషన్నవాడు కష్టాన్ని పొట్టిగా చెప్పుకోగలడా? పిడుగురాళ్ల నుంచి సున్నపు దుమ్ము మీద అర్జీ, అద్దంకి నుంచి మొలవని విత్తనాల మీద అర్జీ, అన్నీ అందాయి, అన్నీ బుట్టలో పడ్డాయి. ఏడాది చివర లెక్క తీస్తే ఫిర్యాదులు సున్నా, అభినందనలు కోకొల్లలు. పెద్దాఫీసుకు అవార్డొచ్చింది. పరిపాలనంటే ఇంకేం కావాలి!

ఇంత చల్లని వ్యవస్థను చెడగొట్టడానికి నాజియా నడుం కట్టింది. తప్పు సవరించి, సవరణను ఈమెయిల్లో పెద్దాఫీసుకు పంపింది. అక్కడి సిస్టమ్ దాన్నీ సగౌరవంగా అందుకుని పారేసింది. దాంతో సవరణను ఫ్లాపీలో వేసుకుని హైదరాబాద్ బస్సెక్కింది. అక్కడి అధికారి శివరామకృష్ణగారు ఫ్లాపీని ముట్టుకోలేదు.

“ఈమెయిల్లో పంపమ్మా. అదీ రూలు.”

“ఈమెయిల్ చేరట్లేదని చెప్పడానికే వచ్చానండీ.”

“చేరట్లేదని మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదే,” అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

పిల్ల కుర్చీలోంచి లేవలేదు. మధ్యాహ్నం భోజనవేళ మించిపోతుంటే ఆయనే విసుగెత్తి, సరే వేసుకుని చావండని సిబ్బందితో అన్నారు. సవరణ ఎక్కింది. మళ్లీ పంపిన యలమంద ఫొటో మొదటిసారి నిండుగా చేరింది. జవాబు మర్నాడే వచ్చింది. నాజియా చదివి వినిపించింది: ఇది సులువుగా తగ్గే తెగులు, తొలివారంలోనే ఫొటో పంపి ఉంటే చేను దక్కేది, రైతులు ఇంత అలసత్వం చూపరాదు.

“మనం తొలివారమే పంపాం గదమ్మా,” అన్నాడు యలమంద. అప్పటికి చేలో పచ్చగా మిగిలింది గట్టుమీది గడ్డే. నాజియా ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ వరం గురించి రాసేవాణ్ణి కనుక ఆ మాట పక్కన పెడతాను.

ఆ వారమే పెద్దాఫీసులో ఫిర్యాదులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఆఫీసు వెంటనే విచారించి కారణం కనిపెట్టింది. ఫిర్యాదులు పుట్టించే ప్రోగ్రాము ఎక్కించినందుకు నాజియాకు మెమో ఇచ్చి, పాత సిస్టమే తిరిగి పెట్టింది. మెమో మాత్రం పోస్టులో వచ్చింది. ఆఫీసుకు ఏది ఎలా పంపితే చేరుతుందో బాగానే తెలుసునన్నమాట!

మరుసటి ఏడు యలమంద పత్తి వేశాడు. మళ్లీ మచ్చలొస్తే ఏం చేస్తావని అడిగాను. ఆకు జేబులో పెట్టుకుని బస్సెక్కుతానన్నాడు.

బస్సు ఆలస్యం కావచ్చు. టైరు పేలొచ్చు. కానీ ముందెక్కాల్సినవాడు వెనకెక్కాడని, అందరికీ టిక్కెట్లు కొట్టి బస్సును సాగర్ కాలవలోకి తోసే డ్రైవరు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు.