బొట్టు పెట్టిన గ్రైండర్‌కు వారంటీ లేదు

సర్వీసు సెంటర్ లేని మిషనే ఉత్తమమైన మిషను! నవ్వకండి. ముందు చదవండి, ఆ తర్వాత నవ్వుదురు గాని.

ముత్తంగి జంక్షన్ దాటాక ఒక పే..ద్ద టూల్స్ మాల్ ఉంది. అందులో ప్రతి మిషన్ మీదా మాల్ వారి సొంత పేరే. తయారయ్యేది మాత్రం సముద్రాల అవతల. ఏ దేశమని అడిగితే సేల్స్‌మన్ "ఇంపోర్టెడ్ సార్!" అంటాడు. ఆ దేశం నాకింకా మ్యాప్‌లో దొరకలేదు.

మా బామ్మర్ది అంజయ్య ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి లక్డారంలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. ఇనుము కోయడానికి ఆ మాల్‌లోనే గ్రైండర్ కొన్నాడు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ పని మొదలుపెట్టాడు. మొదటి బేరం ఆ ఊరి మొగులమ్మది; ఆమె కొత్త ఇంటి గేటుకు ఇనుము సగం కోశాడో లేదో, గ్రైండర్ స్విచ్ పాడైంది.

వేలెడంత స్విచ్! అది చేసిన మేలు మాత్రం కొండంత. సర్వీసు సెంటర్ లేదు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే సంగీతమే వినిపించింది. రోజూ వినీ వినీ అంజయ్యకు ఆ రాగం కంఠతా వచ్చేసింది. లేకపోతే ఈ జన్మలో సంగీతం నేర్చుకునే మనిషేనా?

పక్క షాపాయనతో అంజయ్యకు మాటల్లేవు. మిషన్ అడుగుదామని మొహమాటంగా వెళ్తే, ఆయనదీ అదే గ్రైండర్, పోయిందీ అదే స్విచ్! ఇప్పుడిద్దరూ కలిసి చాయ్ తాగుతున్నారు. పనెలాగూ లేదు కదా.

మొగులమ్మకేం తక్కువైంది? గేటు లేకుండానే గృహప్రవేశం జరిగింది. పూజకు తెచ్చిన ఆవు ఇంకా ట్రాలీ దిగకముందే పక్కింటి బర్రె దర్జాగా లోపలికి నడిచింది. ఆపడానికి గేటేదీ? కానీ మొగులమ్మ నాలా విశాలంగా ఆలోచించలేదు.

"ఏందిర అంజయ్యా, సుట్టాల కంటె ముందుగాల బర్రె వచ్చె! ఐతారం దాంక సూస్త. గేటు పెట్టకుంటె ఇంకోనితోని చేపిచ్చుకుంట!"

ఆ వాడలో ఆమె ఎవరిని పిలిస్తే అందరూ వాళ్లనే పిలుస్తారు. ఆమె గేటు పోతే ఆ వాడ గేట్లన్నీ పోయినట్టే. ఆదివారంలోపు గేటు పెట్టాలి కాబట్టి అంజయ్య నన్ను వెంటబెట్టుకుని మాల్‌కు పరుగెత్తాడు. అది దసరా మర్నాడు.

మేనేజర్ కామేశ్వరరావు గ్రైండర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, బొట్టు దగ్గర ఆగాడు.

"మిషన్ మీద బయటి పదార్థం పూశారండీ. వారంటీ వర్తించదు."

"గది కుంకుమ సార్! మొక్కకుంట పని ఎట్ల షురూ చేస్తం?"

"రూల్ అండీ."

"గట్లనే కానీ. స్విచ్ అమ్ముండ్రి, కొనుక్కపోత."

"స్పేర్లు రావండీ. కొత్త మిషన్ తీసుకోండి, ఆఫర్ ఉంది."

అంజయ్య ముఖం చిన్నబోయింది. నేను చుట్టూ చూశాను. బిల్లింగ్ కౌంటర్‌కు బొట్టు. ట్రాలీలకు బొట్టు. అరల్లో వరసగా పేర్చిన కొత్త గ్రైండర్లన్నింటికీ నిన్నటి ఆయుధపూజ బొట్లు!

"మరి వీటి వారంటీ అమ్మకముందే పోయిందా సార్?" అని అడిగాను.

కామేశ్వరరావు తన నొసటి బొట్టు తడుముకున్నాడు. "అబ్బే, అది పూజ అండీ!"

నిజమే సుమండీ! స్విచ్ దొరకని మిషన్‌కు దేవుడే సర్వీసు సెంటర్. ఆ సంగతి మాల్‌వారికీ తెలుసు కాబట్టే అంత శ్రద్ధగా మొక్కారు. దేవుడైతే ఎప్పుడో ఒకప్పుడు కరుణిస్తాడు. మొగులమ్మ మాత్రం ఐతారం దాకే ఆగుతుంది.