ధారణకు రెండు మాత్రలు

తెనాలి పట్టణంలో మతిమరుపు పూర్తిగా నిర్మూలించబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఈ ఘనత మునిసిపాలిటీది కాదు, వైద్యులది అంతకన్నా కాదు. ‘స్మృతిధార’ మాత్రల పంపిణీదారు వినోద్ కుమార్‌గారిది. నిన్నమొన్నటిదాకా రొయ్యల మేత అమ్మిన ఆయనకు, రొయ్యలకంటే మనుషుల బుర్రలకే మేత తక్కువైందని రేపల్లె రైల్లో కూర్చుని ఉండగా స్ఫురించింది.

మాత్రలో ఏముందన్న ప్రశ్నకు తావు లేదు. డబ్బా మీద మెదడు బొమ్మ ఉంది. మెదడు చుట్టూ మెరుపులు కూడా ఉన్నాయి. ఇక రుజువులంటారా, ప్రతి ఆదివారం కల్యాణ మండపంలో స్వానుభవ సభ జరుగుతుంది. పెనుమూడి నుంచి వచ్చిన వీరాంజనేయులు, ఏటా మరిచిపోయే పెళ్ళిరోజు ఈసారి గుర్తొచ్చిందనీ, కాకపోతే భార్యకు అది గుర్తు లేదనీ మైకులో చెప్పాడు. గంగాభవాని అనే ఆవిడకు ఎప్పుడో తోడికోడలు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. సభ మధ్యలోనే లేచి, ఆటో మాట్లాడుకుని అటే వెళ్ళింది. ఒక విద్యాసంస్థవారు పిల్లలకు ఉప్మాలో కలిపి పెడుతున్నారు. ర్యాంకు రాకపోతే తల్లిదండ్రులకు కూడా పెట్టాలని తీర్మానించారు.

ఈ సభల్లో చివరి వరుసలో, కండువా చెవులదాకా కప్పుకుని కూర్చునే పెద్దమనిషి వెంకటరాఘవయ్యగారు. రిటైరైన తెలుగు లెక్చరరు. అంతకుమించి అష్టావధాని. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వేస్తూ ఉంటే, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలు చెప్పుకుంటూ పోయి, ఆఖరున అన్నిటినీ వరసగా అప్పజెప్పడం ఆయన విద్య. ఆ అప్పజెప్పడాన్నే ధారణ అంటారు. అది తప్పితే అవధానికి ఇక మిగిలేది కండువాయే.

ఆ మధ్య పిట్టలవానిపాలెం సభలో ఆయన ఒకే పద్యాన్ని రెండుసార్లు అప్పజెప్పారు. జనం వన్స్ మోర్ అనబోయి, అదేదో ముందే జరిగిపోయిందని సంతోషించారు. ఆయనకు మాత్రం సంగతి తెలిసిపోయింది. ముందుంది బాపట్ల అవధానం. అక్కడ గండపెండేరం తొడిగి ‘ధారణా సార్వభౌమ’ బిరుదు ఇవ్వబోతున్నారు. బిరుదు పోతే పోయింది, తన బుర్ర తనకు కాకుండా పోతోందేమోనన్నది ఆయన అసలు భయం. ఆ సంగతి భార్య నాగేశ్వరమ్మగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాత్రలు మొదలయ్యాయి. వేసుకున్నారో లేదో గుర్తు పెట్టుకోవడానికి మాత్రం మాత్ర లేదు.

“ఏంటండీ, ఇందాకే కదా వేసుకున్నారు?” అనేవారు నాగేశ్వరమ్మగారు.

“అది నిన్న కాదుటే?”

“ఏమోనండి. డబ్బా మీద ఎలా వేసుకోమన్నాడో చూడండి మళ్ళీ.”

చూసేవారు. పైకి చదివేవారు. ఆయన గొంతులో ఏది పడినా ఛందస్సులోనే బయటికొస్తుంది కనుక డబ్బా మీది రాత కూడా క్రమంగా ఒక నడకలో పడింది. ఇంట్లో అందరి పేర్లూ తారుమారవుతున్న రోజుల్లో ఆ రాత ఒక్కటే చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ మేరకు మందు పనిచేసిందనే చెప్పాలి.

బాపట్ల సభ మహావైభవంగా ప్రారంభమైంది. ఖర్చంతా స్మృతిధారవారిదే కాబట్టి, సరస్వతీదేవి పటానికి పక్కనే అదే ఎత్తులో డబ్బా బొమ్మ నిలబెట్టారు. దండ రెండింటికీ వేశారు. వర్ణన అడగవలసిన పృచ్ఛకులు అనంతకృష్ణగారిది రేపల్లె. అందుచేత ఆయన రేపల్లెవాడినే కోరుకున్నారు: యశోదమ్మ కన్నయ్యకు అందకుండా వెన్న దాచడం, ఆటవెలదిలో. అవధానిగారు అందుకున్నారు.

ఉట్టి మీద వెన్న యుంచె యశోదమ్మ
కన్ను మూసి తెరువ గానరాదు

మిగతా రెండు పాదాలు ఇంతకంటే బాగున్నాయి. పాదం పాదం రాసుకోవలసిన అనంతకృష్ణగారు, ఈ కాలంలో రాసుకోవడమేమిటని ఫోను పెట్టి వీడియో తీశారు. కెమెరా తనవైపు తిరిగి, ఫోను మైకు ఆపి ఉందన్న విషయం ఇప్పటికీ చూసుకోలేదు. జనం కూడా ఫోన్లు ఎత్తి, వెనక అవధానిగారు వచ్చేలా తమను తాము ఫొటోలు తీసుకున్నారు.

ధారణ వేళ వచ్చింది. వెంకటరాఘవయ్యగారు కళ్ళు మూసుకున్నారు. వెన్న లేదు. ఉట్టి లేదు. యశోదమ్మ కూడా లేదు. సభంతా ఎదురుచూస్తోంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

చల్లనైన చోట చక్కగా దాచుడు
పొడిగ నున్న మందు పుచ్చిపోదు
చిన్ని పిల్లలకును చిక్కనీయకుడయ్య
తినుడు తిన్న పిదప దినము రెండు

అయిపోయాను అనుకున్నారాయన. ఎవరో ఒకరు లేచి, ఇది కాదండీ పద్యం అంటారని ఎదురుచూశారు. అనంతకృష్ణగారు లేచారు. కళ్ళు తుడుచుకున్నారు.

“చల్లనైన చోటంటే ఏంటండీ? తల్లి మనసు! వెన్నను మందన్నారు చూడండి, భవరోగానికి మందు! దినము రెండంటే ఉభయసంధ్యలు! ఇందాక విన్నదానికీ ఇప్పుడు విన్నదానికీ అక్షరం తేడా లేదండీ! ఇదండీ ధారణంటే!”

హాలు చప్పట్లతో మోగిపోయింది. గండపెండేరం కాలికెక్కింది. వెంకటరాఘవయ్యగారు అది భరించలేకపోయారు. మైకు లాక్కున్నారు.

“అయ్యా, నా పద్యం నేను మర్చిపోయానండీ. ఇది డబ్బా మీద రాసుందండీ. నన్ను నమ్మండి.”

జనం పగలబడి నవ్వారు. ఇంత పాండిత్యంలోనూ ఇంత వినయమా అని పెద్దలు ముచ్చటపడ్డారు. వినోద్ కుమార్‌గారు మైకు సున్నితంగా తప్పించి, “డబ్బా మీద రాతే ఇంత రసవత్తరంగా ఉంటే లోపలి సరుకు ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి” అని ముగించారు. అనంతకృష్ణగారు తనకు రెండు డబ్బాలు పక్కన పెట్టమన్నారు. అవధానిగారి కంట నీళ్ళు కారుతుంటే ఆనందబాష్పాలని ఫొటో తీసుకున్నారు.

తిరుగు రైల్లో ఆయన భార్య వైపు జరిగి కూర్చున్నారు.

“నువ్వైనా విన్నావుటే, నా పద్యం?”

“వినకేమండీ. ఎంత బాగుందో.”

“ఎలా మొదలైంది?”

నాగేశ్వరమ్మగారు కిటికీలోంచి బయటికి తొంగిచూశారు.

“నిడుబ్రోలు వచ్చినట్టుందండీ” అన్నారు.

ఆ పద్యం ఇప్పుడు ఎక్కడా లేదు, మొదటి రెండు పాదాలు ఈ కథలో అచ్చయి ఉండటం తప్ప. పాఠకులు చదువుకున్నవారు, చురుకైనవారు, ఏ డబ్బా అవసరమూ లేనివారు. కాబట్టి పైకి చూడకుండా వాటిని ఒక్కసారి అప్పజెప్పవలసిందిగా మనవి. ‘చల్లనైన చోట’ అని మొదలుపెట్టినవారికి వచ్చే ఆదివారం స్వానుభవ సభలో ముందు వరుస కుర్చీలు కేటాయించబడ్డాయి.