పొట్టి గుమ్మం ప్రాశస్త్యం

దర్జీ గారి ఇంటి గుమ్మం జాతి సంపద అని అధికారికంగా తేలింది. ఆ సంగతి మొట్టమొదట కనిపెట్టింది మునిసిపల్ ఇంజనీరు గారి నుదురు.

గత శతాబ్దం తొలి రోజుల్లో దర్జీ తాతగారు మట్టి గోడలతో, పెంకుల కప్పుతో ఆ ఇల్లు కట్టించారు. వడ్రంగి ద్వారబంధాన్ని మూరెడు పొట్టిగా కోశాడు. "కొత్త కర్ర కొనేదెవర్రా? మనింట్లో అందరం పొట్టివాళ్ళమేగా!" అని తాతగారు దాన్నే నిలబెట్టించారు. ఆ తర్వాత ఏరికోరి పొడుగాటి కోడల్ని తెచ్చుకున్నారు. ఆ కోడలి కొడుకే మన దర్జీ. తాడిచెట్టంత మనిషి. సొంత ఇల్లు కదా అని ఛాతీ విరుచుకుని లోపలికి నడుస్తాడు, బొప్పి కట్టించుకుంటాడు. ఆయన భార్య మరో నాలుగు వేళ్ళు ఎత్తు.

"ఆ గుమ్మమో నేనో తేల్చుకోండి. దాన్ని ఎత్తించాక కబురు పెట్టండి, వస్తా" అని ఓ ఉదయం ఆవిడ అక్కగారింటికి వెళ్ళిపోయింది.

గుమ్మం ఎత్తించుకోవడానికి దర్జీ మునిసిపాలిటీని అనుమతి అడిగాడు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారికి గుమ్మంలోనే పట్టపగలు చుక్కలు కనిపించాయి. తేరుకుని, "ఇంత దెబ్బ ఊరికే తగలదు. వెనకాల ఏదో శాస్త్రం ఉంది" అన్నారు.

వెంటనే నిపుణుల సంఘం దిగింది. అధ్యక్షుల వారు ముందుజాగ్రత్తగా వీధిలోనే కుర్చీ వేయించుకుని ప్రసంగించారు. "ఇది గుమ్మం కాదు, గురువు! అహంకారాన్ని అరుగు మీదే వదిలి రమ్మంటోంది. ఆ అజ్ఞాత శిల్పి ఎంతటి దార్శనికుడు!"

"అయ్యా, వడ్రంగి తప్పు కోశాడంతేనండీ..."

"అద్గదీ! తప్పును కూడా నిలబెట్టుకోవడమే దేశవాళీ ప్రజ్ఞ!"

చప్పట్లు మోగాయి. గుమ్మాన్ని ఎవరూ మార్చరాదన్న ఉత్తర్వును ఇత్తడి పలక మీద చెక్కించి, ఆ గుమ్మానికే వేలాడదీశారు. దాంతో అది ఇంకో జానెడు దిగింది. అంతటితో ఆగితే అది సంఘం ఎలా అవుతుంది? ఆ కొలత ఊరికంతటికీ ఆదర్శమని మునిసిపల్ ఆఫీసు గుమ్మాలు కూడా దింపించారు.

కబురు విని భార్య సంచీతో సహా వచ్చింది. "పదండి, మీకు అడగడం చేతకాదు. ఇవాళ తేలకపోతే నేను అటునుంచి అటే."

ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. దర్జీ ముందు నడిచి లోపలికి వెళ్ళిపోయాడు. వెనకాల ఠంగుమంది.

భార్య నుదురు పట్టుకుంది. "ఇంట్లో రోజూ కొట్టుకుంటారే, ఇక్కడ మీకెలా తగల్లేదండీ?"

అప్పటికే చేతులు కట్టుకుని, నడుము వంచి గుమాస్తా ముందు నిలబడ్డ దర్జీ తిరిగి చూశాడు. "ఏమిటే తగలనిది?" అన్నాడు.

"గుమ్మాలు దింపి నెల దాటిందమ్మా" అన్నాడు గుమాస్తా విసుగ్గా. "ఊరంతా వచ్చి పోతోంది. తగిలింది నీ ఒక్కదానికే."

ఆవిడ భర్తను పైనుంచి కిందికి ఓసారి చూసింది. సంచీ భుజాన వేసుకుని అక్కగారింటికి బయల్దేరింది.

పోతూ పోతూ ఇంకో బొప్పి కట్టించుకుంది.