కొండముచ్చు త్యాగం చేసిన టార్పాలిన్

ఒక పెద్ద అడవిలో కోనప్ప అనే కొండముచ్చును మహాత్యాగిగా చెప్పుకుంటారు. హోరువానలో తన తలమీది టార్పాలిన్‌ను సభవారికి ఇచ్చేసి, తాను తడుస్తూ పడుకున్నాడట. పిల్లకోతులు దీన్ని పాఠంగా వల్లిస్తాయి. ఇచ్చాడన్నది నిజం. తడిశాడన్నది ఇంకా నిజం. ఆ మధ్యలో ఉన్న త్యాగమన్న మాట దగ్గరే కాస్త ఆగవలసి ఉంది.

ఆ అడవి పాలకసభ వానాకాలం సమావేశాలు కొండమీద జరుపుకునేది. అక్కడ నేలంతా జలగలు. అందుచేత సభ్యులు చెట్ల నడుమ పక్కపక్కనే తీగల ఉయ్యాలలు కట్టుకుని పడుకునేవారు. జలగల బెడద తీరింది గాని, వాన బెడద తీరలేదు. ఆ వేసవిలో కొండ చూడవచ్చిన మనుషులెవరో పెద్ద టార్పాలిన్ ఒకటి వదిలిపోయారు. పొడుగ్గా, నలుపలకలుగా, ఉయ్యాలలన్నిటికీ సరిపోయేలా ఉంది. దాన్ని ఏ ఆకారంలో కట్టాలో తేల్చే పని విడిది అధికారి కోనప్పకు అప్పగించారు.

"తేల్చడానికేముంది? తాడుమీద వేసి రెండువైపులా వాలిస్తే ఇంటికప్పులా ఉంటుంది," అంది చెవులపిల్లి చిట్టెమ్మ. సభలో ఆమెను మాట్లాడమని ఎవరూ అడగరు. ఆమె అడిగించుకునేదాకా ఆగదు.

కోనప్పకు ఇంటిదగ్గర వేరే సభ ఉంది. అక్కడ భార్య సింగారమ్మ అప్పటికే తీర్మానం చేసేసింది.

"పోయినేడు తడిశాను, సరే. ఈ ఏడు చంకలో పసివాడున్నాడు. వీడిమీద చినుకు పడిందా, మా పుట్టింటి కొండకు పోతాను. పిలవడానికి కూడా రాకు."

"విడిది అధికారి భార్యవి, ఆ మాత్రం ఓర్చుకోలేవా?"

"నీ అధికారం ఊళ్ళోవాళ్ళకు గొడుగు పట్టడానికేనా? ఇంటికో తునక తేలేవూ?"

ఆ మాటతో కోనప్పకు అడవి ఆచారం ఒకటి గుర్తొచ్చింది. సభ కోసం తేనెపట్టు కోసినవాడు తెగిపడిన అంచులు తాను తీసుకునేవాడు. కోసినవాడిదే తునక. తేనెపట్టుకు చెల్లిన న్యాయం టార్పాలిన్‌కు చెల్లదా? అప్పటినుంచి అతడు ఆకారాలను కప్పుగా మిగిలేదాన్నిబట్టి చూడడం మానేసి, కత్తికి తెగిపడేదాన్నిబట్టి చూడడం మొదలుపెట్టాడు.

మర్నాడు సభలో లేచి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, నలుపలకల టార్పాలిన్ మోటు వ్యవహారం. మనుషులు ధాన్యపు కుప్పలమీద కప్పేది. సభవారు కుప్పలా?"

అధ్యక్షుడైన ఎలుగుబంటి జోగయ్య తన పొట్ట వంక ఒకసారి చూసుకున్నాడు. "కాదు," అన్నాడు, అంత గట్టిగా కాకపోయినా.

"సభ హోదాకు గాలిపటం ఆకారమే తగినది. ఒక కొస తలవైపు, ఒక కొస కాళ్ళవైపు. నాలుగు మూలలూ కోసేస్తే సరి."

"మరి పక్కలు బోసిపోవూ?" అంది చిట్టెమ్మ. "జల్లు ఏటవాలుగా కొడితే ఏం చేస్తాం? పక్కకు తిరిగి పడుకోమంటావా మామా?"

కోనప్ప వినయంగా పండితుడి వైపు తిరిగాడు. ఆయన ఒంటినిండా పొలుసులున్న అలుగు, పేరు అవధానులు. పొగిడితే మాట్లాడతాడు, ప్రశ్నిస్తే చుట్టచుట్టుకుంటాడు.

"మన పూర్వులు ఆకుల కింద తలదాచుకున్నారు," అన్నాడు అవధానులు. "ఆకుకు కొస ఉంటుంది. కనుక గాలిపటం ఆకారం సనాతనం."

"తామరాకుకు కొస ఎటువైపండీ?"

అవధానులు బంతై దొర్లి రాయికి ఆనుకున్నాడు. మౌనం అర్ధాంగీకారమన్నారు కదా, బంతి కావడం పూర్ణాంగీకారమే అవుతుందని అధ్యక్షుడు తీర్పు చెప్పాడు.

కోత మొదలయింది. నాలుగు మూలలు తెగాక కోనప్ప ఆగి గాలిని వాసన చూశాడు. "అంచులు తిన్నగా ఉంటే గాలికి పటపటలాడతాయి. సభవారికి నిద్రాభంగం. కొంచెం లోపలికి వంపు తిప్పాలి." ఇందులో శాస్త్రం ఉంది. మోసమంతా ఆ 'కొంచెం'లో ఉంది. పని ముగిసేసరికి సభకు నడుము చిక్కిన గాలిపటం మిగిలింది, కోనప్ప చంకకు నాలుగు పెద్ద ముక్కలు దక్కాయి. సింగారమ్మ వాటిని ముళ్ళపంది ముల్లుతో కలిపి కుట్టి, కుట్లమీద చెట్టుబంక మెత్తింది. వంపులు సర్దుకున్నాక చూస్తే, నలుపలకల చక్కని కప్పు తయారయింది.

"ఇన్నాళ్ళకు అధికారివయ్యావు," అందామె. కోనప్ప తోక పొంగిపోయింది.

ఆషాఢం వచ్చిన రెండోనాడే సాయంత్రం జల్లు ఏటవాలుగా కొట్టింది. గాలిపటం కింద సభ్యుల నడుములు మాత్రం పొడిగా ఉన్నాయి, తలలూ కాళ్ళూ నీళ్ళోడాయి. జోగయ్య ఉయ్యాల నిండి తొట్టి అయింది. తడిసిన సభ యావత్తూ కదిలి కోనప్ప ఇంటి చెట్టు కిందికి వచ్చింది. అక్కడ పసివాడు కప్పు కింద వెచ్చగా ఆవులిస్తున్నాడు.

"ఏమిటయ్యా కోనప్పా, ఇదేం ఆకారం?" అన్నాడు జోగయ్య.

"అది... మోటు ఆకారమండీ. తుక్కుతో కుట్టింది. తమవంటి పెద్దలకు తగదు."

"మరి ఆ గాలిపటం?"

"దానికి సాటి లేదండీ!" అన్నాడు కోనప్ప. ఇంకేమనగలడు?

చిట్టెమ్మ చెవులు పిండుకుంది. "పాపం మామ! అంత గొప్పదాన్ని మనకిచ్చి తాను తుక్కు కింద బతుకుతున్నాడు. ఇది అన్యాయం అధ్యక్షా. గాలిపటాన్ని మామకు సన్మానంగా ఇచ్చేద్దాం. ఈ మోటుదాని కింద కష్టమేదో మనమే పడదాం."

తీర్మానం చదవకముందే చప్పట్లు మోగాయి. అవధానులు ఈసారి బంతి కాలేదు. జోగయ్య కప్పు కిందికి దూరుతూ కోనప్ప మెడలో అడవిమల్లెల దండ వేశాడు.

కోనప్ప దింపుడుకళ్ళం ఆశతో భార్య వైపు చూశాడు. "సింగారీ, పద పోదాం."

"ఎక్కడికి? కుట్టింది నేను. పెద్దలు సర్దుకుంటే నాకూ పిల్లాడికీ చోటుంది," అందామె. "సన్మానం నీకు జరిగింది. వెళ్ళి అనుభవించు."

అతడు వెళ్ళి అనుభవించాడు.

నీతి: లాక్కున్నామని చెబితే దోపిడీ, దండ వేసి చెబితే త్యాగం.

ఇక చరిత్ర మాటకొస్తే, ఈ త్యాగం జరిగింది ఖర నామ సంవత్సరం ఆషాఢ శుద్ధ విదియ సాయంత్రం. తదియ తెల్లవారుతూనే, తోక పిండుకుంటూ వచ్చి, ఆ టార్పాలిన్ తనకు తిరిగి ఇప్పించమని కోనప్ప అదే సభలో దావా వేశాడు.